చీరకట్టు నేర్చుకుందాం – 3వ పాఠం: ముందు లంగా సంగతి

పోయిన పాఠంలో ఫాల్, పికో పని ముగించాం. ఈసారి కుచ్చిళ్లు మొదలుపెడదామనుకున్నాను. కానీ ఆ కుచ్చిళ్లు దోపుకునేది లంగాలోకే. అది సరిగా లేకపోతే ఎన్ని పిన్నీసులు పెట్టినా చీర నిలవదు. కాబట్టి ఈ వారమంతా లంగా గురించే.

మా ఇంట్లో లోపలి లంగా అంటాం. కొందరు పావడా అంటారు, షాపుల్లో పెట్టికోట్ అని అడిగితే తీసిస్తారు. మా నాయనమ్మకైతే దీని అవసరమే లేదు. గోచీ పోసి కట్టే చీరకు లంగా ఎందుకు? కుచ్చిళ్లు ముందుకు దోపి, కొంగు ఎడమ భుజం మీద వేసుకునే మన కట్టుకే ఇది కావాలి.

నేనూ మొదట్లో రంగు కలిస్తే చాలనుకునేదాన్ని. మా పిన్ని కూతురి పెళ్లికి ధర్మవరం పట్టుచీర కట్టి, లోపల కొత్త శాటిన్ లంగా వేశాను. రంగు అచ్చంగా కలిసింది. తలంబ్రాల వేళకి కుచ్చిళ్లు ఒక్కొక్కటే జారుతూ జారుతూ మొత్తం చేతిలోకి వచ్చాయి. ఒక చేత్తో అక్షింతలు, ఇంకో చేత్తో చీర! పట్టు బరువు, శాటిన్ నునుపు. ఆ రెండింటికీ పొత్తు కుదరదని ఆరోజు తెలిసింది.

పట్టు, గద్వాల, మంగళగిరి, నేత చీరలన్నిటికీ పాప్లిన్ కాటన్ లంగాయే మేలు. గుడ్డకు గుడ్డ పట్టుకుని ఉంటుంది, చెమటా పీలుస్తుంది. షిఫాన్, జార్జెట్‌ల కింద మాత్రం పాప్లిన్ ముడతలు పైకి కనిపించి నడుం లావుగా అనిపిస్తుంది. వాటికి శాటిన్ గానీ క్రేప్ గానీ బాగుంటుంది. అయితే నడుం పట్టీ ఒక్కటీ కాటన్‌ది వేయమని టైలర్‌కి చెప్పండి, దోపిన చీర జారదు. ఇప్పుడు అందరూ లంగాకి బదులు కొంటున్న శారీ షేపర్ (ఒంటిని పట్టి ఉండే సాగే గుడ్డ లంగా) సన్నటి చీరల్లో ఒంటికి అతికినట్టు అందంగానే ఉంటుంది. కానీ దాంతో వ్రతానికి వెళ్లి పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు.

రెడీమేడ్ కొనేటప్పుడు ఎన్ని కలీలో చూడండి. ఆరు కలీలంటే ఆరు ముక్కలు కలిపి కుట్టినదని అర్థం. నడుం దగ్గర గుడ్డ కుప్పపడకుండా కింద మాత్రం విచ్చుకుంటుంది. తక్కువ గుడ్డతో గొట్టంలా కుట్టినవి చవగ్గా వస్తాయి గానీ, వాటితో ఆర్టీసీ బస్సు మెట్టు ఎక్కి చూడండి, తెలుస్తుంది. పొడవు సంగతికొస్తే, మీరు బొందు కట్టుకునే చోటు నుంచి చీలమండ దాకా టేపుతో కొలవండి. చీర అంచు కంటే లంగా ఒక అంగుళం పైకే ఉండాలి. కాటన్ ఉతికితే కుంచించుకుపోతుంది కాబట్టి కొనేటప్పుడు అంగుళంన్నర ఎక్కువే తీసుకుని, కట్టే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టండి. మెరూన్, నేవీ బ్లూ లాంటి ముదురు రంగుల్ని విడిగా నానబెట్టాలి. తడి తెల్లగుడ్డతో రుద్దినా రంగు అంటకపోతేనే ఖరీదైన చీర కింద వేయండి.

ఇక బొందు. నాడా అనండి, ఏదన్నా అనండి, సగం తిప్పలు దీనితోనే. ఉతికిన ప్రతిసారీ ఒక కొస నేఫాలోకి, అంటే బొందు దూర్చే నడుం మడతలోకి, దూరిపోతుంది, మనం హడావుడిలో పిన్నీసు గుచ్చి లాక్కుంటూ కూర్చుంటాం. కొత్త లంగా తేగానే రెండు కొసలూ సమానంగా లాగి, సరిగ్గా వెనక నడుం మధ్యలో బొందును నేఫాతో కలిపి నాలుగు కుట్లు వేయండి. ఇక జన్మలో ఊడి రాదు. సన్నటి తాడులాంటి బొందు ఉంటే తీసేసి, వేలెడు వెడల్పున్న గుడ్డ పట్టీ ఎక్కించండి. సన్నది నడుములోకి కోసుకుపోతుంది.

కట్టేటప్పుడు ముడి బొడ్డు కింద రాకూడదు, అక్కడ కుచ్చిళ్లు వస్తాయి. లంగాను కాస్త తిప్పి, చీలిక, ముడి ఎడమ పక్కకి వచ్చేట్టు చూసుకోండి. పీటముడి వేయకండి, కొస లాగితే విడిపోయే జారుముడి చాలు. కట్టాక ఒక వేలు లోపలికి దూరాలి, కూర్చున్నా ఊపిరి ఆడాలి. చీర జారుతుందన్న భయంతో బిగించి కట్టడం మనందరికీ అలవాటే. 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో ఇద్దరు పెద్దవయసు స్త్రీల గురించి మహారాష్ట్ర, బీహార్ డాక్టర్లు రాశారు. ఏళ్ల తరబడి నడుం మీద ఒకేచోట బిగుతుగా కట్టడంతో ఒరిపిడికి పుండు పడి, అది మానక చర్మ క్యాన్సర్‌గా మారిందట. వాళ్లలో ఒకావిడ అసలు లంగాయే వేసేది కాదు, లుగడా అనే, లోపల లంగా లేకుండా కట్టే సంప్రదాయ చీరనే నేరుగా బిగించి కట్టేది. ఇలా జరగడం చాలా అరుదు, టెన్షన్ పడకండి. కానీ నడుం మీద నల్లటి గీత, దురద ఉంటే బొందు వదులు చేయండి. రోజుకొకసారైనా కట్టు కాస్త పైకో కిందకో మార్చండి. పుండు పడితే మాత్రం పసుపు రాసి ఊరుకోకుండా డాక్టరుకి చూపించండి.

రంగుకి మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లినప్పుడు చీర వెంట తీసుకెళ్లండి, ఫోన్‌లో ఫొటో పనికిరాదు. లంగా మీద చీర ఒక్క పొర పరిచి, షాపు గుమ్మం బయట ఎండలో చూడండి. లోపల ట్యూబ్‌లైట్ కింద ఆకుపచ్చలన్నీ ఒకటే. చీర సగం ఒక రంగు, సగం ఇంకో రంగైతే కుచ్చిళ్ల భాగానికే కలపాలి, కొంగుకు కాదు. ఉప్పాడ లాంటి పల్చటి చీరల్లో లంగా రంగు మారితే చీర రంగే మారినట్టుంటుంది. లేత తెలుపు చీర కింద తెల్ల లంగా వేస్తే అది తెల్లగా విడిగా కనబడుతుంది, ఒంటిరంగుకి దగ్గర్లోది వేస్తే కనిపించదు. ఒత్తుగా నేసిన పట్టు కింద మరీ అచ్చంగా కలవకపోయినా నష్టం లేదు.

వచ్చే పాఠానికి మీ బీరువాలో ఉన్న లంగాల్లో ఒకటి తీసి బొందు వెనక కుట్లు వేసి ఉంచండి. అది కట్టుకుని, ఆరోజు వేసుకోబోయే చెప్పులతో అద్దం ముందు నిలబడి కింద అంచు చూసుకోండి. కుచ్చిళ్లు అక్కడి నుంచే మొదలుపెడతాం.