ఆట్రిబ్యూట్ సైజు పరిమితిని టెస్ట్ స్క్రిప్టే లెక్కగట్టేలా మార్చాను

4096 బైట్ల బ్లాక్‌తో (డిస్క్‌లో చోటు కేటాయించే యూనిట్) పాసయ్యే ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్ (ఫైల్‌కి తగిలించే పేరు-విలువ జత) టెస్ట్, అదే ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్‌సిస్టమ్‌ని 1024 బైట్ల బ్లాక్‌తో ఫార్మాట్ చేయగానే డివైస్‌లో ఖాళీ లేదంటూ ఫెయిలైంది. డిస్క్ నిండలేదు. స్క్రిప్ట్‌లో విలువ గరిష్ఠ సైజు ఒకే స్థిర సంఖ్యగా రాసి ఉంది, తేడా అక్కడే.

లినక్స్ కెర్నెల్ ఒక్కో విలువని 65536 బైట్ల దాకా ఒప్పుకుంటుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్‌సిస్టమ్ అంతా దాచగలదు. ఈఎక్స్‌టీ4 మాత్రం, ఈఏ ఐనోడ్ ఫీచర్ (పెద్ద విలువని విడి ఐనోడ్‌లో దాచే సదుపాయం) లేకపోతే, ఐనోడ్‌లో (ఫైల్ వివరాలుండే రికార్డులో) పట్టనివన్నీ ఒకే ఒక్క బ్లాక్‌లో సర్దుతుంది. ఆ బ్లాక్ కూడా మొత్తం మనకి దక్కదు. హెడర్‌కి 32 బైట్లు, ఎంట్రీకి 16, చివరి సున్నాలకి 4 పోతాయి. పేరు పొడవుని 4 గుణిజానికి పెంచి లెక్కేస్తారు, విలువనీ అంతే. పేరుకి ముందుండే 'యూజర్' భాగం లెక్కలోకి రాదు, దాన్ని ఒక చిన్న అంకెగా దాస్తారు కాబట్టి. అలా మూడక్షరాల ఇంగ్లిష్ పేరుకి 4096లో మిగిలేది 4040, 1024లో 968.

ఇప్పుడు స్క్రిప్ట్ మౌంట్ అయిన ఫైల్‌సిస్టమ్ నుంచే, స్టాట్ కమాండ్‌తో, బ్లాక్ సైజు తెచ్చుకుని ఈ తీసివేతలు చేస్తుంది. సరిగ్గా పరిమితి దగ్గర పాసవ్వాలి, ఒక్క బైటు పెంచితే ఫెయిలవ్వాలి. ఈ రెండో పరీక్ష లేకపోతే లెక్క సరైనదో కాదో తేలదు.

ప్రతిసారీ కొత్త ఫైల్ వాడండి, పాత ఆట్రిబ్యూట్లు ఉంటే లెక్క తప్పుతుంది. ఐనోడ్ 128 బైట్లదైతే సెలినక్స్ లేబుల్ (లినక్స్ భద్రతా వ్యవస్థ ఫైల్‌కి పెట్టే ఆట్రిబ్యూట్) కూడా ఆ బ్లాక్‌లోకే చేరి చోటు తినేస్తుంది.