ఫ్లోటేషన్ సెల్‌లో బుడగల సైజు కొలవాలంటే

రాగి కాన్సెంట్రేటర్‌లో, అంటే ముడి ఖనిజం నుంచి రాగి ఖనిజాన్ని వేరుచేసే ప్లాంటులో, రికవరీ (చేతికి దక్కే రాగి వాటా) తగ్గిందంటే అందరూ ముందు ఫ్లోటేషన్ సెల్ (గాలి బుడగలతో ఖనిజాన్ని పైకి తేల్చే తొట్టి) పైన ఉండే నురగ వైపే చూస్తారు. కానీ పైన కనిపించే పెద్ద బుడగలు అప్పటికే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉబ్బినవి. ఖనిజ రేణువులను పట్టుకునేవి కింద పల్ప్‌లో (నీళ్లు, ఖనిజపు పొడి కలిసిన ద్రవంలో) ఉండే చిన్న బుడగలు, సాధారణంగా 0.5 నుంచి 3 మి.మీ. మనం కొలవాల్సింది వాటినే.

నేను వాడేది కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో తయారైన పద్ధతి. పొడవాటి ట్యూబు, దానిపైన కిటికీ ఉన్న చాంబర్, వెనుక లైటు, ముందు కెమెరా. ట్యూబు కొసను పల్ప్‌లో ముంచితే బుడగలు వాటంతట అవే పైకి వస్తాయి. కిటికీ నిలువు నుంచి 15 డిగ్రీలు వాలి ఉంటుంది. అందుకే బుడగలు అద్దాన్ని ఆనుకుని ఒకే పొరగా జారుతాయి, ఫోకస్‌లోనే ఉంటాయి.

అసలు జాగ్రత్త చాంబర్‌లో పోసే నీళ్ల దగ్గర కావాలి. ఉత్త కుళాయి నీళ్లు పోస్తే బుడగలు ట్యూబులోనే కలిసిపోతాయి; సెల్‌లో లేని బుడగలను ఫొటో తీసినట్టవుతుంది. నీళ్లలో ఫ్రాథర్ (బుడగలు ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఆపే రసాయనం) తప్పకుండా కలపాలి. ఎంఐబీసీ అనే ఫ్రాథర్ అయితే బుడగలు కలవడం ఆగడానికి సుమారు 11 పీపీఎం చాలు, నేను ఇంకాస్త ఎక్కువే వేస్తాను. అలా వేస్తే బుడగలు చిన్నవైపోవా అని కొత్తగా చేరిన ఇంజనీర్లు అడుగుతుంటారు. కావు. బుడగ సెల్‌లో ఇంపెల్లర్ (పల్ప్‌ను కలిపే తిరిగే చక్రం) దగ్గరే పుట్టేసింది, ఇక్కడ ఫ్రాథర్ దాన్ని ఉన్నదున్నట్టు కాపాడుతుందంతే.

చాంబర్ నిండా నీళ్లు నింపి, మూత బిగించి, ట్యూబును నురగ కిందికి బాగా దించాకే కింది వాల్వు తెరవండి. ఇంపెల్లర్‌కు మరీ దగ్గరగా పెట్టకండి. పైకి చేరి పగిలిన బుడగల నుంచి రేణువులు రాలి నీళ్లు మెల్లగా మసకబారతాయి, కాబట్టి వెంటనే ఫొటోలు తీయడం మొదలుపెట్టాలి. స్కేలు కోసం ముందే అదే ఫోకస్‌లో ఒక రూలర్‌ను ఫొటో తీసుకోండి.

ఫొటోల్లోని బుడగలను కొలిచి లెక్కపెట్టడానికి ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. అయితే గుండ్రంగా లేనివాటిని తీసేయమని సాఫ్ట్‌వేర్‌కు చెబితే, అతుక్కున్న బుడగలతో పాటు సహజంగానే బల్లపరుపుగా సాగే పెద్ద బుడగలూ పోతాయి. ఇది చాలా నష్టం. 1 మి.మీ. బుడగలు 99, 5 మి.మీ. బుడగ ఒకటి ఉన్నాయనుకోండి. మామూలు సగటు 1.04 మి.మీ. వ్యాసాల ఘనాల మొత్తాన్ని వర్గాల మొత్తంతో భాగించే సాటర్ సగటు 1.81 మి.మీ. ఆ ఒక్క బుడగను వదిలేస్తే అది 1 మి.మీ.కి పడిపోతుంది. అందుకే పెద్దవాటిని నేను కంటితో చూసి, చేత్తో గీసి కలుపుతాను. విసుగు పుట్టించే పనే, అయినా మానను.

సెల్‌లోకి వెళ్లే గాలి వేగం సెకనుకు 1.2 సెం.మీ. అయితే, దాన్ని మిల్లీమీటర్లలోకి మార్చి (12), 6తో గుణించి సాటర్ సగటుతో భాగించండి. సెకనుకు సుమారు 40 వస్తుంది. అదే బుడగల ఉపరితల ప్రవాహం, అంటే రేణువులు అతుక్కోవడానికి సెకనుకు ఎంత బుడగ ఉపరితలం అందుతోందో చెప్పే కొలత. పెద్ద బుడగ వదిలేసినవాళ్లకు 72 వస్తుంది, సెల్ బాగానే పనిచేస్తోందని సంబరపడతారు.

చాంబర్‌లో ఒత్తిడి వాతావరణం కన్నా తక్కువ. పల్ప్ మట్టం కన్నా మీటరు పైన ఉంటే వ్యాసం 3 నుంచి 4 శాతం పెరిగి కనిపిస్తుంది, ఆ మేరకు తగ్గించుకోండి. ఫ్రాథర్ డోసు మార్చి ముందూ వెనుకా పోల్చేటప్పుడు గాలి వేగం, ట్యూబు లోతు రెండూ మారకూడదు.