బేస్ గిటార్ ఇంట్లోనే: 5వ పాఠం – గరగర వేలిదా, వాయిద్యానిదా?

పోయిన పాఠంలో ఇ, ఎ తీగల మీద మొదటి అయిదు ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) స్వరాలు పట్టుకుని, తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి వాయించాం. వారం పాటు సాధన చేసినవాళ్ళకి ఈపాటికి రెండు బాధలు మొదలై ఉండాలి. కొన్ని స్వరాలు గరగరమంటాయి. ఎడమ మణికట్టు లాగేస్తుంది. తంబురాకైతే బ్రిడ్జి మీద దారం పెట్టి మరీ జీర తెప్పిస్తారు గానీ, బేస్‌కి ఆ జీర పనికిరాదు.

ఈ బాధల గురించి బేస్ వాయించేవాళ్ళని అడిగితే సగం మంది "అంతా చేతిలోనే ఉంది, సాధన చెయ్యి" అంటారు. మిగతా సగం "ఆ బేస్ అమ్మేసి మంచిది కొనుక్కో" అంటారు. రెండూ తొందరపాటు సలహాలే. తప్పు ఎవరిదో తేల్చడానికి పరీక్షలున్నాయి. అవి చేశాకే చేతిని గానీ, జేబుని గానీ కష్టపెట్టండి.

ముందు శ్రుతి చెయ్యండి. ఇ 41.2, ఎ 55, డి 73.4, జి 98 హెర్ట్జ్. ఫోన్‌లోని ట్యూనర్ ఇ తీగని పట్టుకోలేక అటూ ఇటూ ఊగుతుంటే 12వ ఫ్రెట్ మీద తీగని నొక్కకుండా వేలు ఆనించి మీటి, గంటలా మోగే హార్మోనిక్ పలికించండి. అది ఒక స్థాయి పైన మోగుతుంది కాబట్టి ఫోన్ మైక్ తేలిగ్గా పట్టుకుంటుంది. ఇప్పుడు ఆంప్ (ఆంప్లిఫైయర్) వాల్యూమ్ మామూలు కంటే పెంచి, వేలి బలాన్ని సగానికి తగ్గించి, ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్‌నీ ఒక్కోసారి మీటండి. గరగర ఎక్కడ వచ్చిందో కాగితం మీద రాసుకోండి. మెల్లగా మీటినప్పుడు పోయి, గట్టిగా మీటినప్పుడే వస్తే అది మీ కుడిచేతి సంగతి. మెల్లగా మీటినా వస్తుంటే కాగితమే జవాబు చెబుతుంది. 1 నుంచి 5 ఫ్రెట్ల మధ్యే వస్తే నెక్ మరీ తిన్నగా ఉంది, లేదా వెనక్కి వంగింది. 12 దాటాక వస్తే శాడిళ్ళు (బ్రిడ్జి మీద తీగలు ఆనే ముక్కలు) కిందకి ఉన్నాయి, లేదా నెక్‌లో వంపు ఎక్కువైంది. ఖాళీ తీగ మాత్రమే గరగరమంటే నట్ (బేస్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) గాడి లోతుగా అరిగింది. ఒకే తీగ మీద ఒకే చోట వస్తే, దాని పక్కన బ్రిడ్జి వైపున్న ఫ్రెట్ పైకి లేచి ఉండొచ్చు. ఈ చివరి రెండూ ఇంట్లో ముట్టుకోవద్దు. నట్ గాడికి, ఫ్రెట్‌కి ఆకురాయి పెట్టడం చేయి తిరిగినవాళ్ళ పని.

మిగతావి మనమే చేసుకోవచ్చు. కావలసింది రెండు మూడు ఆలెన్ కీలు, మిల్లీమీటర్ల స్కేలు, సందులు కొలిచే ఒక ఫీలర్ గేజ్. ఫీలర్ గేజ్ కోసం వాయిద్యాల షాపు చుట్టూ తిరగక్కర్లేదు. బైక్ మెకానిక్‌లు ట్యాపెట్ సర్దడానికి వాడేది అదే, ఆటో స్పేర్ పార్టుల షాపులో దొరుకుతుంది. అదీ లేకపోతే మామూలు విజిటింగ్ కార్డు చాలు, దాని మందం ఇంచుమించు 0.3 మి.మీ. ఉంటుంది.

పని వరస మార్చకూడదు: నెక్ వంపు, తర్వాత తీగల ఎత్తు, ఆ తర్వాత ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ మీదా స్వరం శ్రుతిలో పలకడం). నెక్ కదిలితే మిగతా రెండూ మారిపోతాయి కాబట్టి వెనక నుంచి మొదలెట్టినవాళ్ళు రెండుసార్లు చెయ్యాల్సి వస్తుంది.

నెక్ వంపు, అంటే రిలీఫ్, చూడటానికి బేస్‌ని వాయించే భంగిమలోనే పట్టుకోండి. బల్ల మీద పడుకోబెడితే నెక్ బరువుకే కొలత మారుతుంది. ఇ తీగని మొదటి ఫ్రెట్ దగ్గర కాపోతో (తీగల్ని నొక్కి పట్టే క్లిప్పు), చివరి ఫ్రెట్ దగ్గర వేలితో నొక్కండి. 8వ ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు 0.3 మి.మీ. దగ్గర ఉండాలి. విజిటింగ్ కార్డు తీగని కదపకుండా, తగిలీ తగలనట్టు దూరితే సరిపోయినట్టే. సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపలుండే లోహపు కడ్డీ) గడియారం తిరిగే దిక్కుకి బిగించాలి, తక్కువుంటే వదులు చెయ్యాలి. ఒక విడతకి పావు చుట్టే. తిప్పాక మళ్ళీ శ్రుతి చేసి, రాత్రికి వదిలేసి, మర్నాడు కొలవండి. కర్ర నెమ్మదిగా సర్దుకుంటుంది. బిగించేటప్పుడు గట్టిగా అడ్డం తగిలితే ఆపెయ్యండి. రాడ్ తెగితే దాదాపు నెక్ పోయినట్టే. కీ కొలత విషయంలో కూడా జాగ్రత్త. ఇండోనేషియా, చైనాలో తయారైన చాలా బేస్‌లకి 4 లేదా 5 మి.మీ. కీ పడుతుంది. అమెరికా బేస్‌లకి అంగుళాల కొలత కావాలి. దగ్గరగా ఉంది కదా అని వేరే కీ దూర్చితే రాడ్ మర లోపలి అంచులు అరిగిపోతాయి.

తీగల ఎత్తుని 17వ ఫ్రెట్ దగ్గర స్కేలు పెట్టి చూడండి. ఇ తీగ కింద 2.4, జి తీగ కింద 2 మి.మీ. ఫెండర్ కంపెనీ తరహా బేస్‌లకి మంచి ప్రారంభం. చేయి బరువుగా ఉన్నవాళ్ళు ఇంకో అర మిల్లీమీటరు పెంచుకోవచ్చు, సిగ్గుపడాల్సింది లేదు. ఇక ఇంటొనేషన్: 12వ ఫ్రెట్ హార్మోనిక్, అదే ఫ్రెట్ నొక్కిన స్వరం ఒకటే పలకాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్ వెనక్కి, తగ్గుగా ఉంటే ముందుకి. పాత తీగల మీద ఈ పని చెయ్యకండి, ఎంత తిప్పినా కుదరదు.

విశాఖలో ఇది ఒక్కసారితో తీరే పని కాదు. ఆర్‌కే బీచ్, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇళ్ళలో ఉప్పుగాలి, తేమ ఏడాదంతా ఉంటాయి. ఏసీ గదిలో ఆరి ఉన్న నెక్ జూన్, జూలైల్లో బయటి తేమకి కదులుతుంది. ఏ వైపుకి అన్నది ఆ కర్రని బట్టి, ఫ్రెట్‌బోర్డుని బట్టి ఉంటుంది. అందుకే ఊహించి తిప్పొద్దు. వేసవి చివర ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి, చలి మొదలయ్యాక ఒకసారి కార్డు పెట్టి చూడండి. ఏసీ గది నుంచి ఆరుబయలు స్టేజీకి తీసుకెళ్ళినప్పుడు తీగలు వేడెక్కి సాగి శ్రుతి దిగుతుంది. కనీసం అరగంట ముందు కేసు తెరిచి, బేస్‌ని ఆ గాలికి అలవాటు పడనివ్వండి.

ఇప్పుడు కుడిచెయ్యి. బొటనవేలు పికప్ (తీగల కింద ఉండి వాటి కంపనాన్ని పట్టే అయస్కాంతపు ముక్క) అంచు మీద ఆనించండి. చూపుడువేలు, నడిమివేలు వంతులవారీగా మీటాలి. మీటిన వేలు గాల్లోకి లేవకుండా పక్కనున్న లావు తీగ మీద వాలి ఆగాలి. ఎ తీగని మీటిన వేలు ఇ తీగ మీద ఆగితే ఇ దానంతట అదే మూగబోతుంది. డి, జి తీగల మీదకి వెళ్ళినప్పుడు బొటనవేలిని పికప్ మీద నుంచి ఇ తీగ మీదకి దించండి. లేకపోతే కింద ఇ మోగుతూనే ఉంటుంది. ఇంట్లో చిన్న ఆంప్‌తో అది తెలీదు, స్టేజీ మీద పెద్ద స్పీకర్లలో రొదగా బయటపడుతుంది.

మీటే బలం దగ్గరే బేస్ వాయించేవాళ్ళు రెండు వర్గాలు. అమెరికా బేసిస్ట్ గ్యారీ విల్లిస్ వర్గం ఆంప్ పెంచి, వేలు తేలిగ్గా ఆడించమంటుంది. ఆయన బేస్ మీద తీగల కింద ర్యాంప్ అనే చెక్క ముక్క ఉంటుంది, వేలు తీగల మధ్య లోతుగా దిగకుండా ఆపడానికి. అవతలి ఒడ్డున అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ఉన్నాడు. 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్, ఎత్తుగా ఉంచిన లావు ఫ్లాట్‌వౌండ్ (పై చుట్టు నున్నగా ఉండే) తీగలు, ఒక్క చూపుడువేలు. ఆ ఎత్తులో అంత బలంగా మీటినా గరగర రాదు, స్వరం గుమ్మంటూ పలుకుతుంది. విల్లిస్ తేలిక చెయ్యి జేమర్సన్ బేస్ మీద పెడితే స్వరం బయటికి రాదు. జేమర్సన్ వేలు విల్లిస్ బేస్ మీద పెడితే అంతా గరగరే. కాబట్టి "తక్కువ యాక్షనే (తీగల ఎత్తే) మంచి యాక్షన్" అన్న మాటని నమ్మకండి. నేర్చుకునేవాళ్ళకి మాత్రం తేలిక వర్గమే మేలు. తేలిగ్గా మీటడం వచ్చినవాడు కావాలంటే బలం పెంచుకోగలడు. బలంతో మొదలెట్టినవాడికి తగ్గించుకోవడం చాలా కష్టం, వేగం కూడా రాదు.

మీటే చోటు కూడా మార్చి చూడండి. నెక్ దగ్గర తీగ మెత్తగా, స్వరం గుండ్రంగా ఉంటుంది. బ్రిడ్జి దగ్గర తీగ బిగువుగా, స్వరం పదునుగా ఉంటుంది. టోన్ నాబ్ తిప్పే ముందు చేతిని రెండంగుళాలు జరపండి.

ఎడమచెయ్యి లాగడానికి కారణం లెక్కలోనే ఉంది. మామూలు బేస్ స్కేలు, అంటే నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు, 34 అంగుళాలు. దాని మీద 1వ ఫ్రెట్ నుంచి 4వ ఫ్రెట్‌కి దూరం దాదాపు 130 మి.మీ. అదే నాలుగు ఫ్రెట్ల జాగా 5 నుంచి 8కి వచ్చేసరికి 103 మి.మీ. వేలికో ఫ్రెట్ అన్న నియమాన్ని కింద ఫ్రెట్ల దగ్గర పట్టుకుని వేలాడితే చిన్న చేతులు నొప్పెట్టక మానవు. డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద బేస్) వాయించేవాళ్ళు ఎప్పటినుంచో ఇక్కడ 1-2-4 వేళ్ళే వాడతారు. చూపుడువేలు ఒక ఫ్రెట్, నడిమివేలు తర్వాతిది, చిటికెన వేలు దాని తర్వాతిది, ఉంగరంవేలు చిటికెన వేలికి తోడు. 5వ ఫ్రెట్ దాకా ఇలా, ఆ పైన వేలికో ఫ్రెట్. ఇది అడ్డదారి అనేవాళ్ళుంటారు, పట్టించుకోకండి.

చెయ్యి చిన్నదని సన్న నెక్ కొనేవాళ్ళు పొరబడేది ఇక్కడే. ఫెండర్ వాళ్ళ జాజ్ బేస్ అనే మోడల్‌కి నట్ వెడల్పు 38 మి.మీ., ఇప్పటి ప్రెసిషన్‌ది 41 నుంచి 42. సన్నబడితే ఇ నుంచి జి తీగకి అడ్డంగా చేరడం తేలికవుతుంది గానీ, ఫ్రెట్ల మధ్య దూరం ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గదు. దూరం తగ్గాలంటే స్కేలు తగ్గాలి. 30 అంగుళాల షార్ట్ స్కేల్ మీద 1 నుంచి 4కి 114 మి.మీ. చాలు. బదులుగా ఇ తీగ వదులుగా ఉండి స్వరం కొంచెం మొద్దుబారుతుంది, లావు తీగో ఫ్లాట్‌వౌండో వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. పిల్లలకి, పొట్టి వేళ్ళవాళ్ళకి మా ఓటు దానికే. అయిదు తీగల బేస్ మాత్రం మొదటిదిగా వద్దు. బి తీగ 30.9 హెర్ట్జ్, ఇంట్లో చిన్న ఆంప్ దాన్ని సరిగ్గా వినిపించనే లేదు. వినపడని తీగని మూగబెట్టడం ఎలా నేర్చుకుంటారు?

ఇంకో మాట. ఆర్కెస్ట్రాల్లో, చర్చి కొయిర్లలో పాడేవాళ్ళ కోసం శ్రుతి అప్పటికప్పుడు అర మెట్టు, ఒక మెట్టు మారుస్తారు. కీబోర్డుకి ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, బేస్‌కి లేదు. ఖాళీ తీగల మీద ఆధారపడి నేర్చుకున్న లైన్ అక్కడ కూలిపోతుంది. మొదట్నుంచీ నొక్కిన స్వరాలతోనే నేర్చుకుంటే చెయ్యి మొత్తాన్ని అర మెట్టుకి ఒక ఫ్రెట్ చొప్పున జరిపితే సరి.

బేస్ తల కిందకి వాలిపోతుంటే ఎడమచెయ్యి నెక్‌ని మోస్తూ వాయించాలి, ఆ నొప్పికి సాధన మందు కాదు. నిలబడి రెండు చేతులూ వదిలి చూడండి. పైకొమ్ము దగ్గర స్ట్రాప్ బటన్ 12వ ఫ్రెట్‌కి ఎదురుగా ఉంటే సాధారణంగా నిలుస్తుంది. గిబ్సన్ థండర్‌బర్డ్ లాంటి ఆకారాల్లో వాలడం జగమెరిగినదే. లోపల గరుకు తోలున్న వెడల్పు స్ట్రాప్, తేలిక ట్యూనర్లు (తీగలు బిగించే మరలు) కొంత ఆదుకుంటాయి. స్ట్రాప్ పొడవు, కూర్చున్నప్పుడు బేస్ ఎక్కడుంటుందో నిలబడ్డప్పుడూ అక్కడే ఉండేలా పెట్టుకోండి. మోకాళ్ళ దాకా దించితే ఫొటోకి బాగుంటుంది, మణికట్టు మాత్రం మడతపడుతుంది. వేళ్ళు తిమ్మిరెక్కితే ఆ రోజుకి ఆపెయ్యండి.

వినాయక చవితి పందిళ్ళలో వాయించబోయేవాళ్ళకి: జాజ్ బేస్‌లో ఒక్క పికప్పే పెంచితే హమ్ (కరెంటు రొద) వస్తుంది. రెండు వాల్యూములూ సమానంగా పూర్తిగా తెరిస్తే ఒకదాని హమ్‌ని ఇంకొకటి రద్దు చేస్తుంది. ప్రెసిషన్‌లో రెండు ముక్కల పికప్ 1957 నుంచీ ఆ పని తనంతట తనే చేస్తోంది. ఎర్త్ లేని కరెంటు సంగతి వేరు. తీగ పట్టుకుని మైక్‌కి పెదవి తగిలితే షాక్ కొట్టొచ్చు. ముందే మైక్ జాలీకి, తీగలకి టెస్టర్ పెట్టి చూడండి. లైట్ వెలిగితే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వాయించొద్దు. ప్లగ్ మూడో పిన్ను విరిచి హమ్ తగ్గించే తెలివి అసలే వద్దు.

తీగల విషయం క్లుప్తంగా. వాయించగానే ఒక్కో తీగని పైనా కిందా పొడి నూలు గుడ్డతో తుడవండి. తుప్పు త్వరగా పట్టే ఇళ్ళలో నికెల్ పూత తీగల కంటే స్టెయిన్‌లెస్ స్టీల్ ఎక్కువ కాలం నిలుస్తాయి, కాకపోతే ఫ్రెట్లని కాస్త ఎక్కువ అరగదీస్తాయి. మొద్దుబారినవాటిని నీళ్ళలో ఉడికించడం మన గాలికి పనికిరాదు, చుట్టు లోపల తడి మిగిలి తుప్పు పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక రాత్రి నానబెట్టి, ఆరబెట్టి వెయ్యండి, ఫ్లేమ్ దగ్గర పెట్టకుండా. కేసులో సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు.

ఈ వారం సాధన. మెట్రోనోమ్ 60, తాళానికొక స్వరం. ఇ తీగ మీద 1, 2, 3 ఫ్రెట్లు: ఎఫ్, ఎఫ్ షార్ప్, జి. వేళ్ళు 1-2-4. తర్వాత అదే వరస ఎ, డి, జి తీగల మీద, మళ్ళీ వెనక్కి. ప్రతి స్వరాన్నీ ముందు ఊరికే తాకి మీటండి, టక్కుమంటుంది. కొంచెం కొంచెం నొక్కుతూ స్వరం తేటగా పలికిన క్షణాన ఆగండి. అంతకు మించిన బలం దండగ. వేలు ఫ్రెట్‌కి ఆనుకుని వెనక ఉండాలి, రెండు ఫ్రెట్ల నడుమ ఉంటే బలమూ ఎక్కువ పడుతుంది, గరగరా వస్తుంది. రోజుకి పదిహేను నిమిషాలు, మొదటి అయిదు ఆంప్ లేకుండా. కొలతలన్నీ తేదీతో రాసి కేసులోనే పెట్టుకోండి: రిలీఫ్, ఇ ఎత్తు, జి ఎత్తు. 6వ పాఠంలో స్వరాన్ని పొడవుగా వదలడం, కుదించడం. దానికి డ్రమ్ లూప్ వినిపించే ఫోనో, స్పీకరో దగ్గర పెట్టుకుని కూర్చోండి.