గుమ్మడికాయ కొట్టకముందే తేల్చుకోవాల్సినవి

సొంత డబ్బుతో మొదటి సినిమా తీసేవాళ్లు కెమెరా అద్దె గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. సౌండూ కాగితాలూ మాత్రం 'తర్వాత చూద్దాంలే' ఖాతాలోకి పోతాయి. తీరా సినిమా అమ్మబోయేసరికి అడ్డం తిరిగేవి ఆ రెండే.

కొత్త నటులైతే సింక్ సౌండే మేలు, అంటే షూటింగ్‌లో మాట్లాడిన మాటల్నే అక్కడికక్కడ రికార్డ్ చేసి వాడుకోవడం. కెమెరా ముందు హాయిగా మాట్లాడిన ఊరిమనిషి, డబ్బింగ్ మైకు ముందు పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతాడు. లొకేషన్ చూడ్డానికి షూటింగ్ జరిగే వేళకే వెళ్లి, పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోండి. పక్కింటి బోరు మోటారు, గుడి మైకు, బస్సు హారన్ అప్పుడే బయటపడతాయి. ఇంట్లో తీస్తుంటే ఫ్రిజ్ ఆపి, కారు తాళాలు అందులోనే పెట్టండి. మళ్లీ ఆన్ చేయకుండా ఎవరూ ఇంటికి పోలేరు.

రికార్డర్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఉండాలి. మాటలు దాని మీటర్‌లో మైనస్ 12 డెసిబెల్స్ చుట్టూ ఆడితే, ఎవరైనా అరిచినా గొంతు పగలదు. కాలర్ మైకు చీర కొంగు రాపిడిని కూడా పట్టేస్తుంది, కాబట్టి బూమ్ (పొడవాటి కర్రకు కట్టి నటుల తల మీదుగా పట్టుకునే మైకు) తప్పనిసరి. సీను అవ్వగానే యూనిట్‌ను కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయండి. అది లేకపోతే ఎడిటింగ్‌లో కట్ పడిన ప్రతిచోటా శబ్దం గతుకులు కొడుతుంది. ఇది కెమెరా సంగతే గానీ, ట్యూబ్‌లైట్ల కింద సెకనుకు 24 ఫ్రేముల్లో తీస్తే షట్టర్ 1/50 సెకను దగ్గర పెట్టండి, మినుకులు రావు.

ఇక కాగితాలు. కథ, మాటలు, పాటలు, సంగీతం ఎవరివైతే వాళ్లందరితో షూటింగ్‌కి ముందే రాతపూర్వక అగ్రిమెంట్ చేసుకోండి. స్నేహితుడే కదా అనుకోవద్దు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కులు ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లే. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. అమెరికాలో మనవాళ్లకి చూపించాలంటే అక్కడే చిక్కు. ఇంకోటి ఎక్కువమంది చూసుకోరు: వేరేగా రాసుకోకపోతే, ఏడాదిలోగా వాడుకోని హక్కులు రద్దవుతాయి. చిన్న సినిమా ఏడాదిలో పూర్తవడమే గగనం!

పల్లెటూరి కథల్లో ఎద్దో కోడిపుంజో నటించక తప్పదు. జంతువుల్ని వాడితే జంతు సంక్షేమ బోర్డుకి షూటింగ్‌కి ముందే దరఖాస్తు పెట్టాలి. తర్వాత పెట్టుకోవచ్చులే అనుకుంటే సెన్సార్ దగ్గర ఆగిపోతారు. హీరో బీడీ కాలిస్తే సినిమా మొదట్లోనూ మధ్యలోనూ పొగాకు హెచ్చరిక ప్రకటనలు, ఆ సీను నడిచినంతసేపూ తెర మీద హెచ్చరిక ఉండాలి. కథకి ఆ బీడీ నిజంగా అవసరమా అని స్క్రిప్ట్ దశలోనే అడగండి. సెన్సార్‌లో ఇప్పుడు యూఏ (పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడొచ్చనే సర్టిఫికెట్) ఒక్కటే కాదు, 7+, 13+, 16+ అని మూడు రకాలు. ఏది కావాలో ఎడిటింగ్‌లోనే తేల్చుకోండి.

పెద్ద ఫెస్టివల్స్ చాలావరకు మొదటి ప్రదర్శన తమ దగ్గరే కావాలంటాయి. కాబట్టి సినిమా మొత్తాన్ని యూట్యూబ్‌లో పబ్లిక్‌గా పెట్టొద్దు. పాస్‌వర్డ్ ఉన్న లింకే పంపండి.

డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్‌లో వేసే డిజిటల్ కాపీ) చేతికొచ్చాక ఏదో ఒక థియేటర్‌లో పొద్దున్న ఆట మొదలవకముందే వేయించి, చివరిదాకా కూర్చుని చూడండి. 5.1 మిక్సింగ్‌లో (హాల్లో చుట్టూ ఉన్న స్పీకర్లకి సౌండ్‌ని విడివిడిగా పంచడం) మాటలు వచ్చేది మధ్య స్పీకర్ నుంచి. ఆ ట్రాక్ మారిపోయినా ల్యాప్‌టాప్‌లో తెలియకపోవచ్చు, హాల్లో మాత్రం మొదటి డైలాగుకే తెలిసిపోతుంది.