రిపోర్టు వచ్చిన సాయంత్రం నుంచి: క్యాన్సర్ వచ్చిన స్నేహితురాలి పక్కన ఉండడం ఎలా

నా చిన్ననాటి స్నేహితురాలికి రొమ్ము క్యాన్సర్ అని తేలిన సాయంత్రం ఆమె నాకు ఫోన్ చేసి, "రిపోర్టు వచ్చిందే, అదేనట" అని మాత్రమే చెప్పింది. నాకు గొంతు తడారిపోయి, "ఏమీ కాదులే, ఇప్పుడు అన్నిటికీ మందులున్నాయి" అని గబగబా అనేశాను. ఆ తర్వాత నాలుగు రోజులు ఆమె నా ఫోన్ ఎత్తలేదు. భయాన్ని చెప్పుకుందామని వచ్చిన మనిషికి ఆ ఒక్క మాటతో తలుపు వేసేశానని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఆమె వెంట ఆసుపత్రులు తిరిగి నేర్చుకున్న సంగతులను, ఇదే స్థితిలో ఉన్నవారికి అక్కరకు వస్తాయని రాస్తున్నాను.

మొదటి రోజు ధైర్యం చెప్పవలసిన పని లేదు. "విన్నాను, నాకూ ఏం మాట్లాడాలో తోచడం లేదు, రేపు సాయంత్రం వస్తాను" అంటే చాలు. వెళ్లాక ఆమె ఏడిస్తే ఏడవనివ్వాలి, టీవీ చూద్దామంటే టీవీ చూడాలి. ఇదే జబ్బు వచ్చిన మీ మేనత్త కథ, అది మంచిగా ముగిసినదైనా సరే, ఆ రోజు చెప్పకూడదు. "నీకే ఎందుకొచ్చిందో" అన్న మాట అసలే వద్దు, ఎందుకంటే ఆ ప్రశ్న ఆమె అప్పటికే రాత్రంతా తనను తాను అడుక్కుని ఉంటుంది.

ఈ విషయం ఎవరెవరికి తెలుసో, ఎవరికి తెలియకూడదో ఆమెనే అడిగి తెలుసుకోవాలి. పెళ్లి కావలసిన చెల్లెలు ఉందనో, అత్తవారింట్లో ఏమనుకుంటారోననో కొంతకాలం బయటికి చెప్పవద్దని కొందరు కోరుకుంటారు. ఆ కోరిక మనకు నచ్చినా నచ్చకపోయినా పాటించాలి. చిన్ననాటి బడి వాట్సాప్ గ్రూపులో ప్రార్థించమని పెట్టే సందేశం కూడా ఆమె అనుమతి లేకుండా పెట్టకూడదు. మన ఇళ్లలో దీనికి పూర్తి వ్యతిరేకమైన సమస్య కూడా ఉంది: ఊరందరికీ చెప్పి, రోగికి మాత్రం "చిన్న గడ్డ" అని దాచిపెడతారు. ఆమె సూటిగా అడిగితే అబద్ధం చెప్పి ఒప్పించడం స్నేహితుల పని కాదు. ఆమె నిజం తెలుసుకోవాలనుకుంటోందని ఇంట్లోవారికి నెమ్మదిగా చెప్పి, డాక్టరు చేతనే ఆమెకు వివరంగా చెప్పించాలి.

చికిత్స మొదలయ్యేలోపు గడిచే రెండు మూడు వారాలలో స్నేహితులు చేయగలిగే పెద్ద పని కాగితాల పని. బయాప్సీ (గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు, ఏ రకం మందు పనిచేస్తుందో తెలిపే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షల ఫలితాలు, స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టి, ప్రతి కాగితాన్నీ ఫోనులో ఫొటో తీసి ఉంచాలి. రెండో అభిప్రాయం కోసం వేరే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రిపోర్టు ఒక్కటే సరిపోదు. బయాప్సీ చేసినచోట అడిగి, ఆ ముక్కతో చేసిన గాజు స్లైడులనూ, ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులనూ తీసుకువెళ్లాలి. "కత్తి తగిలితే పాకుతుంది" అని భయపెట్టేవారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ముక్క పరీక్ష లేకుండా అది ఏ రకం క్యాన్సరో, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలియదని, ఆ భయంతో ఆలస్యం చేయడమే అసలు ప్రమాదమని వారికి ఓపికగా చెప్పవలసింది మనమే. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రోజు రాత్రి కూర్చుని, ఆమె ప్రశ్నలను ఆమె మాటల్లోనే నోటుపుస్తకంలో రాయాలి. ఆ గదిలో ఆమె చెవికి సగం మాటలు కూడా ఎక్కవు, కాబట్టి జవాబులు రాసుకునే చెయ్యి మనదై ఉండాలి.

డబ్బు గురించి మొహమాటపడకుండా ముందే మాట్లాడాలి. ఆరోగ్యశ్రీ వర్తించే ఆసుపత్రిలో చికిత్సకు ముందే అనుమతి తీసుకోవాలి కాబట్టి, బిల్లు కట్టేశాక కాకుండా మొదటి రోజే, ఈ పథకం పనులు చూసేందుకు అక్కడ ఉండే ఉద్యోగి అయిన ఆరోగ్యమిత్రను కలవాలి. తెలంగాణలో ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకాన్నే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. చికిత్స కోసం రైలులో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ ఉంటాయి. దానికి ఆసుపత్రి ధ్రువపత్రం తీసుకోవాలి.

కీమో మొదలయ్యాక రోజుల లెక్క ముఖ్యం. నా స్నేహితురాలికి 21 రోజులకు ఒకసారి ఎక్కించేవారు. ఎక్కించిన తర్వాత సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోయి, ఇన్ఫెక్షన్‌ను తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే, మాత్ర వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా, అర్ధరాత్రైనా ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరాలి. అందుకే నేను ఆమెకు కొనిచ్చిన మొదటి కానుక థర్మామీటరు. మనకు జలుబున్నా, ఇంట్లో పిల్లలకు దగ్గున్నా ఆ వారం చూడడానికి వెళ్లకూడదు.

తిండి దగ్గర మన ప్రేమ ఎక్కువగా తప్పుదారి పడుతుంది. రెండో కీమో తర్వాత ఆమె ఇడ్లీ నోట్లో పెట్టుకుని, "ఇనుప ముక్క నమిలినట్టుందే" అని పళ్లెం పక్కకు నెట్టింది. నోరు చప్పబడిందని వాళ్ల అత్తయ్యగారు ఆప్యాయంగా ఆవకాయ కలిపిన ముద్ద పెడితే, నోటిపూత మీద కారం తగిలి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి ఆమెకు దిగినవి మెత్తగా కలిపిన పెరుగన్నం, పెసరకట్టు, చల్లారిన సగ్గుబియ్యం జావ. కాబట్టి వండి తీసుకువెళ్లే ముందు ఈ పూట ఏది సహిస్తుందో అడిగి, అప్పటికప్పుడు వండినదే కొంచెంగా తీసుకువెళ్లాలి, తినకపోతే నొచ్చుకోకూడదు. బొప్పాయి ఆకు రసం, నాటుమందు, ఊరి వైద్యుడి పొడి అంటూ వచ్చేవారితో వాదించే శక్తి ఆమెకు ఉండదు. "డాక్టరును అడిగి చెబుతాం" అని మనమే అందుకుని, నిజంగానే అడగాలి, ఎందుకంటే కొన్ని మూలికలు కీమో మందులతో పడవు.

"ఏం కావాలన్నా అడుగు" అనడం కంటే, "గురువారం పిల్లలను బడి నుంచి నేను తీసుకొస్తాను" అనడం మేలు. అడగడం కూడా ఆమెకు ఒక బరువే. పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉన్న ఆమె భర్తను కూడా వారానికి ఒక పూట ఇంటికి పంపి నిద్రపోనివ్వాలి.

తొలి నెలలో ఇల్లు చుట్టాలతో నిండిపోతుంది, మూడో కీమో నాటికి ఫోన్లు తగ్గుతాయి, రేడియేషన్ నాటికి ఎవరూ ఉండరు. రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది కాబట్టి, రోజూ తీసుకువెళ్లేవారి వంతులను ముందే రాసి పెట్టుకోవాలి. చికిత్స ముగిశాక అందరూ "గండం గడిచింది" అనుకునే రోజుల్లోనే ఆమెకు నిద్ర పట్టదు. మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి పరీక్షలకు వెళ్లవలసి ఉంటుంది. ఆ తేదీలను మీ క్యాలెండరులో కూడా రాసుకోండి. ముందు రోజు సాయంత్రం వెళ్లి, పరీక్ష ఊసెత్తకుండా, రాత్రి భోజనం అక్కడే చేసి, "రేపు ఎన్నింటికి బయలుదేరదాం?" అని మాత్రం అడిగి రండి.