ఇంటి కంప్యూటర్‌లో మైన్‌క్రాఫ్ట్ సర్వర్ ఎలా నడపాలి? బయటివారు చేరలేకపోతే ఏం చూడాలి?

అనంతపురంలోని మా ఇంటి కంప్యూటర్‌లో మైన్‌క్రాఫ్ట్ ఆటకు సర్వర్ (అందరూ చేరి ఆడే ప్రపంచాన్ని నడిపే ప్రోగ్రామ్) పెట్టి, ప్రొద్దుటూరులో ఉండే మా మేనల్లుడూ అతని స్నేహితులూ అందులో కలిసి ఆడుకునేలా చేయాలని పూనుకున్నప్పుడు, సర్వర్‌ను నడపడానికి గంట పట్టింది, బయటివారిని దాని దాకా చేర్చడానికి రెండు రాత్రులు పట్టింది. ఆ రెండు రాత్రులూ రౌటర్ సెట్టింగులు మార్చి మార్చి చూశాను కానీ, అసలు అడ్డంకి మా ఇంట్లో కాక నెట్ ఇచ్చే సంస్థ దగ్గర ఉందని చివరికి తెలిసింది. అందువల్ల మామూలుగా ఆఖరున చెప్పే సంగతిని ఇక్కడ మొదటే చెబుతున్నాను.

ముందు మీ కనెక్షన్ ఎలాంటిదో చూసుకోండి

రౌటర్ అడుగున అతికించిన స్టిక్కర్ మీద లాగిన్ చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. వాటితో లోపలికి వెళ్లి, స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (బయటి నెట్ వైపు రౌటర్‌కు ఉన్న అడ్రస్) అని ఉన్న అంకెలను కాగితం మీద రాసుకోండి. తరువాత అదే వైఫైలో ఉన్న ఫోన్‌లో, ఐపీ అడ్రస్ చూపించే ఏదైనా వెబ్‌సైటు తెరిచి, అక్కడ కనిపించే నాలుగు భాగాల అంకెలతో పోల్చండి. రెండూ ఒకటే అయితే మీ ఇంటికి సొంత పబ్లిక్ అడ్రస్ ఉన్నట్టే కాబట్టి నేరుగా ముందుకు సాగవచ్చు.

రెండూ వేరైతే, రౌటర్‌లో ఉన్న అంకెలు దేనితో మొదలవుతున్నాయో గమనించాలి. 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మీరు సీజీనాట్ వెనుక ఉన్నారు. పాత పద్ధతి ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లే ఉండటం వల్ల, ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలా ఇళ్లకు కలిపి పంచే ఏర్పాటు ఇది. దీనికోసమే 2012లో ఆ అంకెల వరుసను ప్రత్యేకంగా కేటాయించారు. ఒకే డోర్ నంబరు కింద ఇరవై వాటాలు ఉన్న ఇంటికి, వాటా సంఖ్య రాయని ఉత్తరం వస్తే ఎవరికివ్వాలో తెలియక పోస్ట్‌మ్యాన్ వెనక్కి తీసుకెళ్లినట్టు, బయటి నుంచి మీ సర్వర్‌ను వెతుక్కుంటూ వచ్చే కనెక్షన్ ఆ సంస్థ పరికరం దగ్గరే ఆగిపోతుంది. మీ రౌటర్‌లో ఏ పోర్ట్ (కనెక్షన్లు లోపలికి వచ్చే, నంబరు ఉన్న ద్వారం) తెరిచినా ప్రయోజనం ఉండదు. 10తో మొదలైనా చాలాసార్లు ఇదే పరిస్థితి.

192.168తో మొదలైతే సంగతి వేరు, సులువు కూడా. ఫైబర్ వాళ్లు బిగించిన పెట్టె ఒకటి, దాని తరువాత మీరు కొనుక్కున్న వైఫై రౌటర్ ఇంకొకటి ఉన్న ఇళ్లలో ఇలా కనిపిస్తుంది. రెండు పరికరాలూ రౌటర్ పనే చేస్తున్నాయి కాబట్టి, మీ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చి, ఆపై ఫైబర్ పెట్టె పేజీలో వ్యాన్ ఐపీని మళ్లీ పోల్చి చూడండి.

సీజీనాట్ అని తేలితే మూడు దారులున్నాయి. మొదటిది, నెట్ ఆపరేటర్‌ను స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత పబ్లిక్ అడ్రస్, అడగడం. దీనికి అదనపు రుసుము ఉంటుంది. రెండవది, ఐపీవీ6 అనే కొత్త పద్ధతి అడ్రస్ ఇరువైపులా ఉంటే దానితో చేరడం. మూడవది టెయిల్‌స్కేల్, జీరోటియర్ వంటి సాఫ్ట్‌వేర్‌ను మీ కంప్యూటర్‌లోనూ స్నేహితుల కంప్యూటర్లలోనూ వేసుకుని, అందరూ ఒకే ఇంట్లో ఉన్నట్టు ప్రైవేట్ నెట్‌వర్క్ ఏర్పరచుకోవడం. నలుగురైదుగురు తెలిసినవాళ్లే ఆడేటట్టయితే మూడవదే నా సలహా, ఎందుకంటే ఇందులో పోర్ట్ తెరవాల్సిన అవసరమే రాదు, అపరిచితులకు దారీ ఉండదు. మా ఇంట్లో ఇప్పటికీ అదే నడుస్తోంది.

సర్వర్‌ను సిద్ధం చేయడం

నలుగురైదుగురికి 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న పాత ల్యాప్‌టాప్ సరిపోతుంది. దాన్ని వైఫైతో కాక కేబుల్‌తో రౌటర్‌కు కలపండి. మూత మూసినా నిద్రలోకి వెళ్లకుండా పవర్ సెట్టింగులలో మార్చండి.

ఇక్కడ చెప్పేది మైన్‌క్రాఫ్ట్ రకాల్లో ఒకటైన జావా ఎడిషన్ గురించి. ఆటలో ఏ వెర్షన్ వాడుతున్నారో సర్వర్ కూడా అదే వెర్షన్ అయి ఉండాలి; సర్వర్‌ను నడిపే జావా అనే సాఫ్ట్‌వేర్ కూడా దానికి తగినదే కావాలి. 1.18 నుంచి జావా 17, 1.20.5 నుంచి జావా 21 అవసరమయ్యాయి. సర్వర్ మొదలవకుండానే క్లాస్ వెర్షన్ సరిపోలేదన్న సందేశం వస్తే మీ జావా పాతదని అర్థం.

మైన్‌క్రాఫ్ట్ అధికారిక సైటు నుంచి సర్వర్ ఫైల్ దించుకుని, దానికోసం విడిగా ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. మొదటిసారి నడిపినప్పుడు అది కొన్ని ఫైళ్లను తయారుచేసి వెంటనే ఆగిపోతుంది, కంగారు పడవద్దు. వాటిలో ఈయూఎల్ఏ (వాడకం ఒప్పందం) అన్న ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, షరతులు చదివి, ఫాల్స్ అని ఉన్నచోట ట్రూ అని మార్చి సేవ్ చేసి మళ్లీ నడపాలి. 8 జీబీ ఉన్న యంత్రంలో సర్వర్‌కు 3 లేదా 4 జీబీ కేటాయిస్తే చాలు. ఉన్నదంతా దానికే ఇస్తే విండోస్‌కు ఊపిరాడదు. నల్లని విండోలో వరుసలు పరుగెత్తి పరుగెత్తి, డన్ అన్న మాటా పక్కన ఎన్ని సెకన్లు పట్టిందో చెప్పే అంకే కనిపించి నిలిచిపోతే సర్వర్ లేచినట్టు.

లోపలి నుంచి బయటికి, మూడు పరీక్షలు

ఈ వరుస తప్పవద్దని గట్టిగా చెబుతున్నాను. మొదట సర్వర్ ఉన్న కంప్యూటర్‌లోనే ఆట తెరిచి, అడ్రస్‌గా లోకల్‌హోస్ట్ (అంటే ఇదే కంప్యూటర్) అని ఇంగ్లీషులో రాసి చేరండి. అది కాకపోతే తప్పు సర్వర్‌లోనే ఉంది, రౌటర్ జోలికి వెళ్లవద్దు.

అది అయితే, ఇంట్లోని ఇంకో కంప్యూటర్ నుంచి, సర్వర్ యంత్రానికి ఉన్న 192.168తో మొదలయ్యే అడ్రస్‌తో ప్రయత్నించండి. ఇక్కడ ఆగిందంటే చాలావరకు ఫైర్‌వాల్, అంటే బయటి కనెక్షన్లను అడ్డుకునే విండోస్ కాపలా, కారణం. మొదటిసారి నడిపినప్పుడు విండోస్ అనుమతి అడిగితే తొందరలో క్యాన్సిల్ నొక్కి ఉంటారు. ఫైర్‌వాల్ జాబితాలో జావాకు మళ్లీ అనుమతి ఇవ్వాలి.

మూడవది బయటి నుంచి. పోర్ట్ తెరిచే దారి ఎంచుకున్నవారు ముందుగా రౌటర్‌లో, సర్వర్ యంత్రానికి ఎప్పుడూ ఒకే లోపలి అడ్రస్ దక్కేలా రిజర్వేషన్ పెట్టి, ఆ అడ్రస్‌కు టీసీపీ 25565 పోర్ట్‌ను ఫార్వార్డ్ చేయాలి. ఈ పరీక్షను ఇంటి వైఫై నుంచి చేయకండి. బయటి అడ్రస్‌తో లోపలి నుంచే చేరడాన్ని చాలా రౌటర్లు ఒప్పుకోవు కాబట్టి, అంతా సరిగ్గా ఉన్నా తప్పు ఉందనిపిస్తుంది. ఒక ల్యాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి అక్కడి నుంచి చూడండి.

తెర మీద వచ్చే మాటలో తేడా గమనించండి. రెఫ్యూజ్డ్ అని వెంటనే వస్తే, కనెక్షన్ ఏదో ఒక పరికరం దాకా చేరింది గానీ ఆ పోర్ట్ దగ్గర పలికేవారు లేరు, అంటే సర్వర్ ఆగి ఉండవచ్చు లేదా పోర్ట్ అంకె తప్పి ఉండవచ్చు. చాలాసేపు తిరిగి తిరిగి టైమ్డ్ అవుట్ అని వస్తే, దారిలోనే ఎక్కడో పోయింది, అంటే ఫైర్‌వాల్, ఫార్వార్డింగ్, సీజీనాట్ మూడింటిలో ఒకటి. సర్వర్ విండోలోనే పోర్ట్‌కు బైండ్ కాలేకపోయానన్న సందేశం వస్తే, తరచుగా అదే సర్వర్ వెనుక ఇంకోసారి నడుస్తూ ఉంటుంది.

ఆట ఆగి ఆగి నడిస్తే

సర్వర్ సెకనుకు 20 సార్లు ప్రపంచాన్ని లెక్కగడుతుంది. ఆ వేగాన్ని అందుకోలేకపోతే విండోలో కాంట్ కీప్ అప్ అన్న హెచ్చరిక వస్తుంది. అప్పుడు సర్వర్ ప్రాపర్టీస్ ఫైల్‌లో 10గా ఉండే వ్యూ డిస్టెన్స్‌ను (ఆటగాడికి ఎంత దూరం వరకు ప్రపంచం చూపించాలో చెప్పే అంకె) 6కు తగ్గించండి. హెచ్చరిక లేకుండా ఒక్కరికే ఆట ఆగుతుంటే అతని నెట్ చూడాలి, అందరికీ ఆగుతుంటే మీ అప్‌లోడ్ వేగం చూడాలి.

కరెంటు, ఎండ

మన ప్రాంతంలో ఈ రెంటినీ లెక్కలోకి తీసుకోకుండా సర్వర్ నిలవదు. కరెంటు పోగానే ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలోనే డెస్క్‌టాప్ రీస్టార్ట్ కావచ్చు. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది, అందులో పెడితే మారే వ్యవధి తగ్గుతుంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి అది బతుకుతుంది గానీ రౌటర్ ఆగిపోతుంది. దాని అడాప్టర్ మీద 12 వోల్టులని రాసి ఉంటే, ఆ వోల్టేజీకి, ఆ ఆంపియర్లకు తగిన చిన్న యూపీఎస్ పెట్టండి. రౌటర్ ఆగి లేచినప్పుడు మీ పబ్లిక్ అడ్రస్ మారిపోయే అవకాశం కూడా ఉంది. నిన్నటిదాకా ఆడినవారు ఈరోజు చేరలేకపోతుంటే ముందు దీన్నే అనుమానించండి. డక్‌డీఎన్‌ఎస్ వంటి డైనమిక్ డీఎన్‌ఎస్ సేవతో ఒక పేరు తీసుకుంటే, అంకెలు మారినా ఆ పేరుతోనే చేరవచ్చు.

మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు మిద్దె మీది గదిలో సర్వర్ పెట్టకండి. మొదట నేను అక్కడే పెట్టాను. మధ్యాహ్నం మూడింటికి ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టలేనంత వేడి, ఫ్యాన్ హోరు, తెర మీద కాంట్ కీప్ అప్ వరుసలు. కింది గదిలోకి తెచ్చి, గాలి ఆడేలా నాలుగు మూలలా సీసా మూతలు పెట్టి ఎత్తిన తరువాత ఆ హెచ్చరిక చాలా తగ్గింది.

తలుపు తెరిచిన తరువాత కాపలా

పోర్ట్ తెరిస్తే ఇంటర్నెట్‌లో ఉన్న ఎవరైనా దాన్ని తట్టగలరు. అందుకే వైట్‌లిస్ట్ పెట్టి, తెలిసిన ఆటగాళ్ల పేర్లను మాత్రమే చేర్చండి. ఆటగాడి ఖాతా అసలుదో కాదో సరిచూసే ఆన్‌లైన్ మోడ్‌ను ట్రూగానే ఉంచండి, లేకుంటే ఎవరైనా మీ పేరు పెట్టుకుని లోపలికి రావచ్చు. పోర్ట్ పనిచేయడం లేదని విసిగి రౌటర్‌లో డీఎంజెడ్ ఆన్ చేయకండి, అది ఆ కంప్యూటర్‌ను మొత్తంగా బయటపెడుతుంది. సర్వర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయండి: 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే (సర్వర్ సందేశాలను నమోదు చేసే జావా భాగం) లోపం బయటపడినప్పుడు, చాట్‌లో ఒక్క వరుస రాసి సర్వర్ యంత్రంలో తమకు కావలసిన ప్రోగ్రామ్‌ను నడిపించే వీలు దుండగులకు దొరికింది, మైన్‌క్రాఫ్ట్ 1.18.1లో దాన్ని సరిదిద్దారు.

ఆట ముగిశాక విండోను మూసేయకుండా, అందులో స్టాప్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఆపండి. ఆపిన తరువాత వరల్డ్ అన్న ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి, తేదీ పేరుగా పెట్టి కాపీ చేయండి. నెలకొకసారి ఆ కాపీల్లో ఒకదాన్ని వేరే ఫోల్డర్‌లో పెట్టిన రెండో సర్వర్‌తో నడిపి, పిల్లలు కట్టుకున్న ఇళ్లు అలాగే ఉన్నాయో లేదో లోపలికి వెళ్లి చూడండి.