పెరట్లో నీళ్ళు నిలుస్తున్నాయా? మన డెల్టా నేలలో మొక్కలు ఇలా పెట్టండి

మా పెరట్లో కరివేపాకు మొక్క మూడుసార్లు చచ్చిపోయిందండి. మూడోసారి పీకి చూస్తే వేళ్ళు నల్లగా ఉన్నాయి, చేత్తో పట్టి లాగితే పై తొక్క జారిపోయి లోపల దారం లాంటిది మిగిలింది, మట్టేమో కుళ్ళిన కోడిగుడ్డు వాసన. దానికి ముందు వారమంతా ఆకులు పసుపెక్కి వేలాడుతుంటే నీళ్ళు చాలట్లేదనుకుని ఇంకా పోశాను. జరిగిందేంటంటే మట్టిలో గాలి లేక వేళ్ళు కుళ్ళాయి, కుళ్ళిన వేరు చుట్టూ ఎన్ని నీళ్ళున్నా పైకి లాగలేదు, అందుకే తడిలో ఉండి కూడా ఎండకి వాడినట్టు వాడిపోద్ది.

వీడియోల్లో చాలామంది లోతుగా గొయ్యి తీసి అడుగున కంకర వెయ్యమంటారు. మెట్టలో సరే గానీ మనకి పనికిరాదు. 1852లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచి మనది కాలువల కింద నేల, సార్వాకీ (వానాకాలం వరి) దాళ్వాకీ (రెండో పంట వరి) నీళ్ళు పారతానే ఉంటాయి, ఊట పైపైనే ఉంటది. అలాంటి చోట బంకమట్టిలో గొయ్యి తీసి కంకర నింపితే చుట్టుపక్కల నీళ్ళన్నీ వచ్చి అందులోనే చేరతాయి. మా పక్కింటి తాతయ్యగారు ఒక్క మాటలో చెప్పారు, "అమ్మాయ్, ఇక్కడ మొక్కని గోతిలో కాదే, దిబ్బ మీద పెట్టాలి" అని. ఆ తర్వాత నేను చేసిందంతా ఆ మాట మీదే.

ముందు నేల చూడండి

అడుగు వెడల్పు, అడుగు లోతు గొయ్యి తీసి నిండా నీళ్ళు పోయండి. అవి ఇంకాక మళ్ళీ నింపి, ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకుని గంట తర్వాత చూడండి. అంగుళం పైన దిగితే పర్వాలేదు, ఏటి లంకల్లోని ఒండ్రు ఇసుక మట్టిలో అయితే ఇంకా వేగంగానే దిగుద్ది. అంగుళం కూడా దిగకపోతే బంకమట్టి. అసలు పొయ్యకుండానే అడుగున నీళ్ళు ఊరుతున్నాయంటే అది ఊట, అక్కడ ఎంత తవ్వినా ప్రయోజనం లేదు, ఎత్తు చెయ్యడం ఒక్కటే దారి. వానాకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి చూస్తే మంచిది, రెండూ ఒకేలా ఉండవు.

తర్వాత నీళ్ళకి దారి

జోరువాన పడేటప్పుడు గొడుగేసుకుని పెరట్లో నిలబడి చూడండి, ఏది మెరకో ఏది పల్లమో అప్పుడే తెలుస్తుంది. పల్లం వైపు జానెడు లోతున చిన్న కాలువ తియ్యండి, పది అడుగులకి ఓ అంగుళం వాలు సరిపోద్ది, మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబుతో చూసుకుంటే తప్పు రాదు. అది మురుగు కాలువలో కలవాలి గానీ పక్కింటి పెరట్లోకి పోకూడదు. ఇంకోటి, తుఫాను రోజుల్లో బయట మురుగు కాలువ నిండితే నీళ్ళు వెనక్కి తన్ని మన పెరట్లోకే వస్తాయి, అందుకని చివర పైపు పెట్టి దానికి మూత ఉంచుకోండి. గుర్రపుడెక్క అడ్డుపడితే తీసేస్తా ఉండండి, తీసింది పారెయ్యకుండా గట్టు మీద బాగా ఎండబెట్టి మొక్కల చుట్టూ పరిస్తే మట్టి గట్టిపడదు.

దిబ్బలు, మడులు

ఈ పని వేసవిలో కాలువలు కట్టేశాక చెయ్యండి. తడి బంకమట్టిని తొక్కితే ఇటుకలా బిగుసుకుపోద్ది, గుప్పెడు తీసి నొక్కితే ముద్దవకుండా పొడిపొడిగా రాలినప్పుడే పార పట్టాలి.

కూరగాయలకి మూడు నాలుగు అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు మడి, మడిలోకి దిగక్కర్లేకుండా రెండు పక్కల నుంచీ చెయ్యి అందాలి. అంచులకి కొబ్బరి దుంగలు చాలు. కరివేపాకు, నిమ్మ, బొప్పాయి లాంటి వాటికి అడుగున్నర ఎత్తు, నాలుగు అడుగుల వెడల్పు దిబ్బ, కొత్త మట్టి కుంగుద్ది కాబట్టి ఇంకో అర అడుగు ఎక్కువే పొయ్యండి. మట్టిలో మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలపండి. బంకమట్టిలో కొంచెం ఇసుక కలిపితే గుల్లవుద్ది అనుకుంటారు, నేనూ కలిపాను, ఇంకా గట్టిపడింది. ఎరువే గుల్ల చేస్తుంది. జిప్సం చౌడు నేలకే, మట్టి పరీక్ష చేయించకుండా వెయ్యొద్దు.

కడియం నర్సరీ నుంచి తెచ్చిన మొక్కైతే కవరు కోసి, మట్టిగడ్డ పై అంచు దిబ్బ మట్టం కంటే రెండు అంగుళాలు పైకే ఉండేలా పెట్టండి. మొదలుకి మట్టి ఎగదొయ్యొద్దు, ఆకులు పరిచినా కాండానికి బెత్తెడు దూరం ఉంచండి.

ఎంత చేసినా పల్లంగానే ఉండిపోయే మూల ఒకటి ఉంటుంది, అక్కడ చేమ, పొన్నగంటి, సరస్వతి ఆకు, మెట్టతామర వేసుకోండి, వాటికి తడే ఇష్టం. కందకి మాత్రం నీళ్ళు నిలవకూడదు, దుంప కుళ్ళిపోద్ది.

ముంపు వచ్చి తీశాక

వెంటనే యూరియా గుప్పొద్దండి, వేళ్ళు తీసుకోలేవు. ముందు నీళ్ళు బయటికి పంపి, మట్టి కాస్త ఆరాక పైన కట్టిన పెచ్చుని లోతుగా కాకుండా గుల్ల చెయ్యండి. లీటరు నీళ్ళకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్ళ దగ్గర పోస్తే కుళ్ళు ఆగుద్ది. ఆకులు పసుపెక్కితే లీటరుకి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చెయ్యండి. కొత్త చిగురు కనపడ్డాకే మొదలు దగ్గర ఎరువు వెయ్యండి. నాలుగోసారి దిబ్బ మీద పెట్టిన మా కరివేపాకు, మొన్న వానలకి చుట్టూ చీలమండ లోతు నీళ్ళు రెండు రోజులున్నా ఒక్క ఆకు రాల్చలేదు.